పది నుంచి ఐదు దాకా మూసిన ఇల్లు

మిషిగన్‌లో నేను కాపురం చేసిన ఇళ్ళలో అన్నిటికన్నా పెద్దదానికి పద్దెనిమిది మంచాలు, ఒక పొడవాటి వంటగది, నిలువెత్తు కట్టెల పొయ్యి ఉండేవి. అందులో మాది అని చెప్పుకోవడానికి మెట్ల పక్కన ఒక గది. నోవై అనే ఊరు దాటాక గంటకు పైగా డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న పొలాల మధ్య, ఒక చిన్న సరస్సు ఒడ్డున ఉండేది ఆ ఇల్లు. గుమ్మం పక్కన యూత్ హాస్టల్ అని చెక్క బోర్డు. ఆ బోర్డు మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పదేళ్ళు మిషన్ హాస్టల్లో పెరిగి, పెళ్ళి చేసుకుని, విమానమెక్కి ఇంత దూరం వచ్చి, మళ్ళీ హాస్టల్‌కే చేరాను.

మేము అక్కడికి ఇష్టపడి వెళ్ళలేదు. డెబ్బైల చివర్లో మా ఆయన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఎనభైలు వచ్చేసరికి కార్ల ఊళ్ళన్నీ మొహం వేలాడేశాయి. ఆయన్ని రెండుసార్లు లేఆఫ్ చేశారు. రెండోసారి అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాల్సి వచ్చింది. మూడు నెలలు మా తెలుగు చర్చి వాళ్ళ బేస్‌మెంట్లలో మారి మారి తలదాచుకున్నాం. ఎవరూ పొమ్మనలేదు కానీ, మేము కాఫీ కప్పులు కడిగేటప్పుడు కూడా చప్పుడు కాకుండా కడిగేవాళ్ళం. అప్పుడు ఎవరో చెప్పారు, ఎక్కడో పల్లెలో హాస్టల్ నడపడానికి ఒక జంట కావాలట, గది ఇస్తారట అని. ఆ ఉద్యోగం పేరు హౌస్ పేరెంట్స్. అప్పటికి మాకు పిల్లల్లేరు. ఆ పేరు వినగానే నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మాత్రం, "పోనీలే, ఒకేసారి పద్దెనిమిది మంది" అని నవ్వించబోయారు. నేను నవ్వలేదు.

మాకు ఇల్లు అప్పగించినవాడు కమిటీ సెక్రటరీ. రిటైరైన బడిపంతులు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. గదులు చూపిస్తూ ఆ ఇంటి చరిత్రంతా చెప్పాడు. ఎక్కడో జర్మనీలో ఒక పంతులు పిల్లల్ని నడకకు తీసుకెళ్ళి వానలో చిక్కుకుని బడిలో పడుకోబెట్టాడట, అక్కడ పుట్టిందట ఈ ఆలోచన. ముప్పైలలో అది అమెరికాకు వచ్చింది. సైకిల్ మీద ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున, రైతుల ఇళ్ళే హాస్టళ్ళయ్యాయి. గడ్డివాముల కొట్టాల్లో పైన అటకల మీద గడ్డి పరుపులు, ఒకవైపు ఆడపిల్లలు, ఒకవైపు మగపిల్లలు. యుద్ధం తర్వాత అందరికీ కార్లొచ్చాయి, పెద్ద రోడ్లొచ్చాయి, దారి పొడుగునా మోటెళ్ళొచ్చాయి. హాస్టళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. డెబ్బైలలో పెట్రోలు కరువొచ్చి కుర్రకారు మళ్ళీ సైకిళ్ళెక్కాక, ఈయనలాంటి నలుగురు పూనుకుని పాతవాటి తాళాలు తీయించారు. మా ఇల్లూ అలా తెరిచిందే. పెరట్లో ఆ పాత కొట్టం ఇంకా నిలబడి ఉంది. సైకిళ్ళూ కట్టెలూ దాంట్లో పెట్టేవాళ్ళం.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. మా ముందు ఉన్న జంట మంచివాళ్ళు, మరీ మంచివాళ్ళు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను వారాల తరబడి ఉండనిచ్చారు. ఊరివాళ్ళు మన పంచాయతీలాంటి టౌన్‌షిప్ ఆఫీసులో కంప్లైంట్ చేశారు. మళ్ళీ ఒక్క కంప్లైంట్ వస్తే లైసెన్సు పోతుంది, హాస్టల్ మూసేస్తారు. "రూల్స్ మీ చేతుల్లో పెడుతున్నాను" అన్నాడు. హాస్టల్ మూస్తే మా గది కూడా పోతుందని ఆయన అననక్కర్లేదు. నాకు వినపడింది.

రూల్స్ మూడు. మూడు రాత్రులకు మించి ఎవరూ ఉండకూడదు. పొద్దున పదింటికల్లా అందరూ బయటికి వెళ్ళిపోవాలి, మళ్ళీ సాయంత్రం ఐదు దాకా తలుపు తీయకూడదు. వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ ఇంటి పని ఒకటి చేయాలి. వచ్చినవాళ్ళ మెంబర్‌షిప్ కార్డు తీసుకుని నేను సొరుగులో పెట్టేదాన్ని. పొద్దున డబ్బాలోంచి చీటీ తీయించేదాన్ని. మెట్లు తుడవడం, పొయ్యి బూడిద ఎత్తడం, బాత్‌రూమ్ కడగడం, ఏదొస్తే అది. ఆ పని నేను చూసి బాగుందన్నాకే కార్డు మీద ముద్ర వేసి తిరిగిచ్చేదాన్ని.

ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని కమిటీవాళ్ళు అనేవాళ్ళు. ఎందుకు మించుతారు? ఒంగోలు దగ్గర మా మిషన్ హాస్టల్లో మేట్రనమ్మ చేతికింద పదేళ్ళు నలిగినదాన్ని. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. ఆవిడ మంచం కింద వేలు పెట్టి రాసి, దుమ్ము అంటితే ఆ పూట అన్నం లేదనేది. ఒకసారి నాకు జ్వరమొచ్చినా బడికి పోవాల్సిందేనని బయట నిలబెట్టి తలుపేసింది. సాయంత్రం దాకా వరండాలో అరుగు మీద ముడుచుకుని పడుకున్నాను. పెద్దయ్యాక దీనిలా మాత్రం ఉండను అనుకున్నాను. నాకు ముప్పై ఏళ్ళు వచ్చేసరికి పొయ్యి వెనక వేలు పెట్టి రాసి, బూడిద అంటితే ఆరడుగుల కాలేజీ కుర్రాళ్ళ చేత మళ్ళీ తుడిపించేదాన్ని. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకది బాగుండేది. అమెరికా వచ్చాక నా మాట చెల్లిన మొదటి చోటు అది.

ఆవిడ వచ్చింది నవంబరు ఆఖర్లో, ఒక బుధవారం. ఐదింటికి తలుపు తీసేసరికి మెట్ల మీద నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మగవాళ్ళ కోటు, వీపుకు కాన్వాసు సంచి. యూత్ హాస్టల్‌కి ముసలివాళ్ళు రావడం వింతేం కాదు, వయసు అడ్డు లేదు. ఆ రోజుకు ఆవిడ తప్ప వేరే ఎవరూ లేరు. చలికాలంలో చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ మూసేస్తారు. స్కీయింగ్‌కి జనం వస్తారేమో చూద్దామని ఆ ఏడాది మాదొక్కటే తెరిచి ఉంచారు. ఆవిడ కార్డు తీసుకున్నాను. పేరు చూశాను, గడువు ఎప్పటిదాకా ఉందో చూశాను, సొరుగులో పడేశాను.

గెస్ట్ బుక్‌లో సంతకం చేసి, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా అన్న చోట ముప్పైలలోని ఒక సంవత్సరం రాసింది. నేను నమ్మలేదు. అప్పుడు సంచిలోంచి గుడ్డ అట్ట వేసిన చిన్న పుస్తకం తీసి చూపించింది. అది పాతకాలపు హాస్టల్ పాస్. పేజీ పేజీకీ హాస్టళ్ళ ముద్రలు, వెలిసిపోయిన ఊదా రంగులో. ఒక దాంట్లో మా సరస్సూ, మా కొట్టమూ ఉన్నాయి.

రెండోరోజు సాయంత్రం నేను వంట చేస్తుంటే ఆవిడ అడక్కుండానే బంగాళాదుంపలు చెక్కు తీయడానికి కూర్చుంది. అంత పల్చగా చెక్కు తీసేవాళ్ళను నేను మా మేట్రనమ్మ తర్వాత ఆవిడనే చూశాను. అప్పుడే చెప్పింది. పదిహేడో ఏట, చెప్పకుండా ఇంట్లోంచి సైకిలెక్కి వచ్చేసిందట. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఈ ఇంటి రైతు భార్య అప్పటి హౌస్ మదర్. మూడు రాత్రులైపోయాక పొమ్మనకుండా, "రూల్ హాస్టల్‌కి గానీ నా వంటగదికి కాదుగా?" అని ఆ వేసవంతా వంటగదిలో పడుకోబెట్టుకుందట. వెళ్ళేరోజు సైకిల్ పట్టుకుని, "ఎక్కడున్నా ఇది నీ ఇల్లే అనుకో" అన్నదట.

"జీవితంలో నాకు ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే" అంది ఆవిడ, దుంప వంక చూస్తూ. ఆ గొంతులో ఏడుపేమీ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

శుక్రవారం పొద్దున బూడిద ఎత్తే చీటీ వచ్చింది ఆవిడకు. ఎత్తుతూ మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకుని దగ్గింది. పొయ్యి అద్దంలా తుడిచింది. ఏ రాత్రి ఎక్కడుందో ఆవిడ రాసుకునే చిన్న నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. మార్చి నుంచి ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఇక్కడ మూడు రాత్రులు, అక్కడ మూడు రాత్రులు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి. మా ముందువాళ్ళు ఎవరిని ఉండనిచ్చి తిట్లు తిన్నారో అలాంటి మనిషే ఈవిడ. ఇల్లు లేదు. నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కానట్టు నోటుబుక్కు మూసి పెట్టాను.

సాయంత్రం ఆవిడ నా దగ్గరికొచ్చి, ఇంకో రెండు రాత్రులు ఉండొచ్చా అని అడిగింది. సోమవారానికి దగ్గు తగ్గితే వెళ్ళిపోతానంది. రూల్ చెప్పాను. "అవును, మూడు రాత్రులే" అని ఆవిడే ఒప్పుకుంది. నేరం చేసినదానిలా వెళ్ళి మంచం మీద కూర్చుంది.

మా ఆయన విన్నారు. గదిలోకి రాగానే మొదలుపెట్టారు.

"ఏంటే, ఆమెని ఈ చలిలో ఎక్కడికి పొమ్మంటావు? మన రూమ్‌లో పడుకోబెడదాం. నేను సోఫా మీద అడ్జస్ట్ అవుతా."

"రేపు సెక్రటరీ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. మర్చిపోయారా?"

"వస్తే ఏం? మా చుట్టం అని చెబుదాం. మన రూమ్‌కి ఎవరొస్తే ఏంటి, రూల్ బుక్‌లో మన చుట్టాల గురించి ఏమీ రాయలేదు కదా."

"ఆ తెల్లావిడ మనకు చుట్టమా? వింటే నవ్వుతారండీ. ముందున్నవాళ్ళు ఇలాగే మొదలుపెట్టి ఉంటారు. మళ్ళీ బేస్‌మెంట్లు తిరుగుదామా? మీకు అలవాటైపోయిందేమో, నావల్ల కాదు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఉద్యోగం పోయిన మగవాడితో అనే మాట కాదది. ఆయన మొహం తిప్పుకున్నారు. "సరే, నీ ఇష్టం. నువ్వే వార్డెన్‌వి" అన్నారు.

శనివారాలు ఆయనకు నోవై దగ్గర ఒక స్నేహితుడి షాపులో పని. ఎనిమిదింటికే కారు తీసుకుని వెళ్ళిపోయారు. నేనూ ఆవిడా మిగిలాం. ఆవిడకు మెట్లు తుడిచే చీటీ వచ్చింది. నిజానికి మనిషి ఒక్కతే, డబ్బా చాపకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. చాపాను. ఆవిడ పైమెట్టు నుంచి కిందమెట్టు దాకా మోకాళ్ళ మీద తుడుచుకుంటూ వచ్చింది. తొమ్మిదీ యాభైకి నేను మెట్ల మీద వేలు పెట్టి రాసి, బాగుందన్నాను. కార్డు మీద ముద్ర వేసి ఇచ్చాను.

"ఇప్పుడెక్కడికి?" అన్నాను.

పక్క హాస్టల్‌కి వెళ్తానంది. ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న ఆ హాస్టల్ అక్టోబరులోనే మూసేశారు. మూసిన హాస్టళ్ళ జాబితా ఫోను పైన గోడకు ఉంది, ఆవిడ మూడు రోజులుగా దాని కిందే కూర్చుని టీ తాగింది. ఆవిడకు తెలుసు. నాకు తెలుసు. నేను జాగ్రత్తగా వెళ్ళమన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని, ఇంటిని బాగా చూసుకుంటున్నావు, ఆమె చూస్తే సంతోషించేది అంది. ఆమె అంటే ఆ రైతు భార్య. పదింటికి తలుపేసి గడియ పెట్టాను. కిటికీలోంచి చూడలేదు. చూస్తే పిలుస్తానని భయమేసింది.

పదకొండింటికి మంచు మొదలైంది. ఆవిడ ఈపాటికి ఎవరి కారో ఎక్కి ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటూ, ఇన్‌స్పెక్షన్ కోసం ఇల్లంతా మళ్ళీ తుడిచాను. తుడవాల్సిందేమీ లేదు.

మూడింటికి సెక్రటరీ వచ్చాడు. పొయ్యి చూశాడు, పరుపులు చూశాడు, తల ఊపాడు. గెస్ట్ బుక్ తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"ఈమె ముప్పైలలో ఇక్కడ ఉందా? నిజంగా?"

పాత పాస్ సంగతి చెప్పాను. మొహం వెలిగిపోయింది ఆయనకు. ఇలాంటి ఒక్క మనిషి కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాడట. ఈ ఇంటి పాత రోజులు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదట. వచ్చే వేసవికి కొట్టాన్ని మళ్ళీ పడకగది చేయాలని ఉంది, అప్పట్లో ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేరు. "ఎక్కడుంది? ఎన్నాళ్ళుంటుంది? చలికాలమంతా ఉంచుదాం, కమిటీతో నేను మాట్లాడతాను" అన్నాడు.

"మూడు రాత్రులైపోయాయి. పొద్దున పంపించేశాను" అన్నాను.

ఆయన గెస్ట్ బుక్ మూశాడు. తర్వాత, "అవును, రూల్ రూలే. మీరు చేసింది కరెక్టే" అన్నాడు. ఆ మాట నన్ను తన్నినట్టయింది. కొట్టం పైకప్పు ఎలా ఉందో చూసొస్తానని టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో నా పేరు పెట్టి అరిచాడు. ఆ మనిషి అరవగా నేను వినడం అదొక్కసారే.

ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. నిచ్చెనెక్కి, అటక మీద ఒకప్పుడు ఆడపిల్లల వైపు ఉండే మూలలో, స్లీపింగ్ బ్యాగులో దూరి, పైన కోటు కప్పుకుని పడుకుని ఉంది. పలకల సందుల్లోంచి పడ్డ మంచు ఆవిడ బూట్ల మీద తెల్లగా పేరుకుంది. పెదవులు నల్లబడ్డాయి. ఒళ్ళు వణకడం కూడా మానేసింది. నేను మొహం రుద్దుతూ పిలిచాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టి భయపడింది. లేవబోయింది.

"ఐదు కాలేదని తెలుసు" అంది. "ఇంట్లోకి రాలేదు. ఇక్కడే ఉన్నాను."

ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు. నేను మోయగలిగితే ఆవిడను ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. సెక్రటరీ కాళ్ళు పట్టుకుంటే నేను భుజాలు పట్టుకుని ఎలాగో దించాం. పొయ్యి దగ్గర పడుకోబెట్టి, నా దుప్పట్లూ, మా ఆయన స్వెట్టర్లూ అన్నీ కప్పాను. అంబులెన్స్ మంచులో చిక్కుకుని గంటకు గానీ రాలేదు. ఆ గంటా ఆవిడ గడియారం వైపే చూసింది.

ఆదివారం చర్చి కాగానే హాస్పిటల్‌కి వెళ్ళాం. న్యుమోనియా, చూడటానికి దగ్గరివాళ్ళకే పర్మిషన్ అన్నారు. ఆవిడకు మీరేమవుతారని డెస్క్ దగ్గర అడిగారు. మా ఆయన నా వైపు చూశారు, నన్ను చెప్పనిచ్చారు. బంధువులం కాదని చెప్పాను. అది నిజమే. నిజం చెప్పి, చూడకుండా తిరిగొచ్చాను.

సోమవారం పొద్దున హాస్పిటల్ నుంచి ఫోను. తెల్లవారుజామున పోయిందని చెప్పారు. అంతటితో పెట్టేస్తారనుకున్నాను. ఫోనులో ఉన్న అమ్మాయి కాస్త కోపంగానే అడిగింది.

"నిన్న మీరు ఫ్యామిలీ కాదన్నారు కదా? ఆమె కోటులో ఉన్న కార్డు మీద హోమ్ అడ్రస్ మీదే ఉంది."

చదివి వినిపించింది. మా రోడ్డు పేరు, మా ఇంటి నంబరు, మా ఊరు. ఎప్పుడో వసంతంలో, ఎక్కడో దూరాన కొత్త కార్డు తీసుకున్నప్పుడు ఇంటి చిరునామా దగ్గర ఆవిడ అదే రాసింది. ఆ కార్డు మూడు రోజులు నా సొరుగులో ఉంది. శనివారం పొద్దున నేనే దాని మీద ముద్ర గుద్ది చేతికిచ్చాను. పేరూ గడువూ తప్ప ఇంకేమీ చదవలేదు. మెట్ల మీద దుమ్ము వెతికే కళ్ళకు అది కనపడలేదు.

నేను ఫోను మా ఆయనకిచ్చాను. "అవునండీ, మా ఇంటి మనిషే. మేము వస్తున్నాం" అన్నారాయన, ఇంగ్లీషులో, ఏమాత్రం తడుముకోకుండా. శుక్రవారం రాత్రి నేను చెప్పనివ్వని అబద్ధం అది. సోమవారానికి ఆవిడను మా మనిషని చెప్పుకునేవాళ్ళు మేము తప్ప ఎవరూ లేరు. కాగితాల మీద ఆయనే సంతకం పెట్టారు.

క్రిస్మస్‌కు ముందు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. దురదృష్టకరమైన సంఘటనే అయినా, హాస్టల్ నియమాలేవీ తప్పలేదని టౌన్‌షిప్ వాళ్ళు ఒప్పుకున్నారనీ, అందుకు మమ్మల్ని మెచ్చుకుంటూ మా పోస్టు పర్మనెంట్ చేస్తున్నామనీ రాశారు. నేను ఏ గది పోతుందని ఆవిడను బయటికి పంపానో ఆ గది మాకు ఖాయమైంది. ఆ ఉత్తరం చదివి మా ఆయన పొయ్యిలో వేసేశారు. నేను అడ్డుచెప్పలేదు.

ఆ ఇంట్లో ఇంకా నాలుగేళ్ళున్నాం. మాకు కూతురు పుట్టింది అక్కడే. కొట్టాన్ని బాగుచేశారు, వేసవుల్లో అటక నిండా పిల్లలు. గడియ మాత్రం నేను మళ్ళీ పెట్టలేదు. మూడు రాత్రులు దాటినవాళ్ళను వంటగదిలో పడుకోబెట్టి, చుట్టాలని చెప్పేదాన్ని. సెక్రటరీ వినీ విననట్టు ఊరుకునేవాడు. వచ్చిన ప్రతివాళ్ళ కార్డూ సొరుగులో పెట్టేముందు అడ్రస్ చదివేదాన్ని, ఒక్కో అక్షరం, రెండుసార్లు. ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో ఉండేవి. మా ఇంటి నంబరు మళ్ళీ ఎవరూ రాయలేదు.